తల మీది బుడగ, ప్రొటీన్ మీది రంగు

1996 వేసవి సెలవుల్లో నేను రోజూ రెండు గంటలు చిప్స్‌లో ఉప్పు పెంచుతూ కూర్చున్నాను. విజయవాడలో మా మామయ్యగారింట్లో 486 కంప్యూటర్ ఉండేది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు, తొడుగు మీద అత్తయ్య కుట్టిన పూల గుడ్డ. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ రెండూ మడిచి మంచం మీద పెట్టి, బావా నేనూ ‘థీమ్ పార్క్’ ఆడేవాళ్లం. మౌస్ ఒకటే. రంగులరాట్నాలు, రోలర్ కోస్టర్లు బావ కట్టేవాడు. దుకాణాలు నా వంతు. చిప్స్ కొట్టులో ఉప్పు పాళ్లు పెంచితే తిన్న పిల్లలకు దాహం వేస్తుంది. పక్కనే కూల్‌డ్రింకుల కొట్టు పెడితే అక్కడ గల్లా నిండుతుంది. ఈ కిటుకు నాకు ఎవరూ చెప్పలేదు. తెర మీద తిరిగే ఆ చిన్న మనుషుల తలల మీద లేచే బుడగలను చూసి పట్టుకున్నాను.

ఇప్పుడు నేను రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. వారానికి రెండు మూడు సార్లయినా క్లాసులో ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ తెరుస్తాను. ప్రొటీన్ల ఆకృతులను కంప్యూటర్ అంచనా కట్టి భద్రపరచిన భండాగారం అది. నా చిన్ననాటి ఆటకు ప్రధాన ప్రోగ్రామర్‌గా పనిచేసిన వ్యక్తీ, ఈ భండాగారాన్ని తయారు చేసిన సంస్థకు అధిపతీ ఒకరేనని 2024 అక్టోబరు 9న రసాయన శాస్త్ర నోబెల్ ప్రకటించిన రోజు తెలిసింది. ఆయన పేరు డెమిస్ హసాబిస్. ఆ సాయంత్రమే ఆటను మళ్లీ కొన్నాను. అప్పటి నుంచి ఇంట్లో మా అమ్మాయితో అది, కాలేజీలో విద్యార్థులతో ఇది. రెండూ పక్కపక్కన వాడుతున్నాను కాబట్టి రెండింటినీ కలిపే సమీక్షిస్తున్నాను.

ముందు ఆట సంగతి. థీమ్ పార్క్ 1994లో వచ్చింది. ఇంగ్లండులోని బుల్‌ఫ్రాగ్ సంస్థలో పీటర్ మోలినోతో కలిసి హసాబిస్ దాన్ని రూపొందించారు. అప్పటికి ఆయన వయసు 17. పదమూడేళ్లకే చదరంగంలో మాస్టర్ స్థాయి అందుకున్న పిల్లవాడు. చదరంగం పోటీల్లో గెలిచిన డబ్బుతో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కొనుక్కుని, పుస్తకాలు చూసి సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. కేంబ్రిడ్జిలో చేరడానికి ముందు దొరికిన ఖాళీ కాలంలో చేసిన పని ఇది. ప్రపంచమంతటా లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

ఇప్పుడు దీన్ని ‘గాగ్’ అనే ఆటల అమ్మకపు సైటులో కొనుక్కోవచ్చు. పాత డాస్ కార్యక్రమాలను నేటి కంప్యూటర్లలో నడిపే ఉపకరణం దానితోనే వస్తుంది. విడిగా అమర్చుకోవలసింది ఏమీ లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా మొరాయించలేదు. బొమ్మలు గరుకుగా ఉంటాయి, మౌస్ కాస్త పరుగెడుతుంది. మా అమ్మాయికి పన్నెండేళ్లు. మొదటి అరగంట “ఇంత పాత బొమ్మలా అమ్మా” అంది. రెండో రోజు నేను పిలిచినా అన్నానికి లేవలేదు.

ఎందుకు లేవలేదో చెబుతాను. ఈ పార్కులో జనం అనేది ఒక్క ముద్ద కాదు. గేటు దాటి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆకలి, దాహం, జేబులో డబ్బు, మనసులో సంతోషం విడివిడిగా ఉంటాయి. వాళ్ల తల మీద బుడగ లేస్తుంది. అందులో ఆకలి, దాహం, మరుగుదొడ్డి అవసరం, దారి తప్పానన్న దిగులు, ఏది ఉంటే అది బొమ్మగా కనిపిస్తుంది. ‘ఇక్కడ గుమిగూడండి’ అని ఆట వాళ్లకు ఎక్కడా ఆదేశం ఇవ్వదు. ఒక్కొక్కరూ తమకు కావలసినదాని కోసం నడుస్తారు, ఆ నడకల్లోంచి రద్దీ పుడుతుంది. మా అమ్మాయి ఒక రైడ్ వేగం బాగా పెంచింది. దిగిన వాళ్లు దారిలో వాంతులు చేసుకున్నారు. ఊడ్చేవాళ్లు చాలలేదు. ఆ మురికి చూసి వెనకవాళ్ల మనసులు పాడయ్యాయి. పది నిమిషాల్లో పార్కు సగం ఖాళీ. తప్పు ఎక్కడ మొదలైందో నేను చెప్పలేదు. తనే ఒక్కొక్క బుడగా చూసుకుంటూ వెనక్కి వెళ్లి, వేగం మీట దగ్గర ఆగింది.

నా ఉద్యోగ జీవితంలో విద్యార్థులకు నేను నేర్పాలని చూసేది సరిగ్గా ఈ వెనక్కి నడవడమే. జ్వరం దగ్గర మొదలై కణం దాకా, కణం దగ్గర మొదలై ఒక ఎంజైము దాకా. అందుకే ఈ ఆటను పన్నెండు దాటిన ఏ పిల్లలకైనా ధైర్యంగా కొనివ్వమంటాను. ఇబ్బందులు లేకపోలేదు. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కఠిన స్థాయి ఎంచుకుంటే వాటాల లెక్కలు, సిబ్బంది జీతాల బేరాలు వచ్చి పడతాయి. గడియారం తిరుగుతుండగా బల్లకు అటూ ఇటూ చాచిన చేతులను దగ్గర చేసి ఒప్పందం కుదుర్చుకోవాలి. పార్కు చక్కగా నడుస్తున్న వేళ ఇది వచ్చి ధ్యాస చెడగొడుతుంది. పిల్లలకు మొదటి స్థాయే పెట్టండి. వేసిన బాటను తుడిచి మళ్లీ వేయడం కూడా చేతికి విసుగు పుట్టిస్తుంది.

రెండో వస్తువు దగ్గరికి వెళ్లే ముందు మధ్యలోని ముప్పై ఏళ్ల గురించి కొంత చెప్పాలి. 1997లో కేంబ్రిడ్జి నుంచి కంప్యూటర్ సైన్స్ పట్టా తీసుకున్నాక హసాబిస్ మోలినో కొత్త సంస్థ లయన్‌హెడ్‌లో కొద్దికాలం పనిచేశారు. 1998లో సొంతంగా ఎలిక్సిర్ స్టూడియోస్ పెట్టారు. కేంబ్రిడ్జి స్నేహితుడు డేవిడ్ సిల్వర్ అందులో సహ వ్యవస్థాపకుడు. ఒక కల్పిత దేశాన్ని మొత్తంగా, పౌరులతో సహా కంప్యూటర్‌లో బతికించాలన్నది వాళ్ల మొదటి ఆట ‘రిపబ్లిక్’ ఆశయం. అది 2003లో విడుదలయ్యే నాటికి అనుకున్నదానికన్నా చాలా చిన్నదైంది. మరుసటి ఏడాది ‘ఈవిల్ జీనియస్’ వచ్చింది. 2005లో సంస్థ మూతపడింది. ఇరవై తొమ్మిదేళ్లు నిండకముందే ఒక పరిశ్రమలో ఎక్కీ, దిగీ అయింది.

ఆ తర్వాత ఆయన వేసిన అడుగు అంటే నాకు చాలా గౌరవం. మరో ఆటల సంస్థలో పెద్ద ఉద్యోగం చూసుకోవచ్చు. అలా చేయకుండా లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎలినార్ మగ్వైర్ దగ్గర మెదడు మీద పరిశోధన విద్యార్థిగా చేరారు. 2007లో వాళ్లు ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ నేను విద్యార్థులకు చెబుతాను. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిని, కొత్త జ్ఞాపకాలు నిలవని ఐదుగురు రోగులను తీసుకున్నారు. ఇసుక తీరంలో పడుకుని ఉన్నట్టు ఊహించుకుని ఆ దృశ్యం వర్ణించమన్నారు. గతం గుర్తులేకపోతే ఊహకేం ఇబ్బంది అనిపిస్తుంది కదా. కానీ వాళ్లలో ఎక్కువమంది చెప్పినవి విడివిడి ముక్కలుగా మిగిలాయి. సముద్రం, ఇసుక, ఆకాశం కలిసి ఒక చోటుగా కట్టుకోలేదు. జ్ఞాపకానికీ ఊహకూ మెదడులో ఒకే తాపీ పని జరుగుతోందన్నమాట. పదిహేడేళ్ల వయసులో తెర మీద ఊళ్లు కట్టిన మనిషికి ఈ ప్రశ్న తట్టడంలో నాకు ఆశ్చర్యం లేదు.

2009లో డాక్టరేట్ వచ్చింది. 2010లో షేన్ లెగ్, ముస్తఫా సులేమాన్‌తో కలిసి లండన్‌లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ స్థాపించారు. 2014లో గూగుల్ దాన్ని కొన్నది. వాళ్లు మొదట చేతబట్టినవి పాత అటారీ ఆటలే. తెర మీది చుక్కలు, స్కోరు, ఈ రెండే ఇచ్చి, నియమాలు చెప్పకుండా ప్రోగ్రాముకు వదిలేశారు. 2015లో ‘నేచర్’లో ప్రచురించిన ఫలితాల్లో 49 ఆటలు ఉన్నాయి. ఇటుకల గోడను బంతితో పగలగొట్టే ‘బ్రేకౌట్’లో అది ఒక అంచున సొరంగం తవ్వి, బంతిని గోడ వెనక్కి పంపే ఉపాయం కనిపెట్టింది. 2016 మార్చిలో సియోల్‌లో గో ఆట మేటి లీ సెడోల్‌ను డీప్‌మైండ్ ప్రోగ్రాము ఆల్ఫాగో 4–1తో ఓడించింది. ఆ పనికి నాయకత్వం వహించింది డేవిడ్ సిల్వర్. మూతపడిన ఆటల సంస్థలో పక్కన కూర్చున్న స్నేహితుడే. ఈ సంగతి మా బావకు ఫోనులో చెప్పాను. బావ ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ సీడీ ఇంకా అమ్మ అలమరలో ఉందేమో చూస్తాను” అన్నాడు.

ఇక డేటాబేస్. దీని విలువ తెలియాలంటే ముందు రక్తంలో ప్రాణవాయువును మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్ కథ తెలియాలి. కేంబ్రిడ్జిలో మాక్స్ పెరూట్జ్ 1937లో దాని ఆకృతి కోసం పని మొదలుపెట్టారు. స్ఫటికం చేయడం, ఎక్స్ కిరణాలు పంపడం, పడిన చుక్కల నుంచి లెక్క కట్టడం. గుర్రం హిమోగ్లోబిన్ మొదటి రూపురేఖలు కనిపించేసరికి ఇరవై ఏళ్లు దాటిపోయాయి. 1962లో నోబెల్ వచ్చింది. ఒక్క ప్రొటీన్ కోసం ఒక మనిషి యౌవనం. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లోనూ ఒక్క ఆకృతి తేల్చడం ఒక పీహెచ్‌డీ పని.

ప్రొటీన్ అంటే అమినో ఆమ్లాల గొలుసు. ఆ వరుస చూసి ఆకృతిని ముందే చెప్పగలమా అన్న ప్రశ్నకు రెండేళ్లకోసారి క్యాస్ప్ అనే పోటీ జరుగుతుంది. ప్రయోగంలో తేలినా ఇంకా బయటపెట్టని ఆకృతులను నిర్వాహకులు గుప్తంగా ఉంచుతారు. పోటీదారులు వరుస మాత్రమే చూసి అంచనా పంపాలి. మొదటి పోటీ జరిగింది 1994లో, అంటే థీమ్ పార్క్ వచ్చిన ఏడాదిలోనే. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ మధ్యస్థ స్కోరు వందకు 92.4. ఆ బృందానికి నాయకుడు జాన్ జంపర్. నోబెల్‌లో సగం బహుమతిని హసాబిస్, జంపర్ పంచుకున్నారు. మిగతా సగం కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌ది.

2021 జులైలో ఐరోపా జీవసమాచార సంస్థతో కలిసి ఈ డేటాబేస్‌ను తెరిచారు. మొదట మూడున్నర లక్షల ఆకృతులు, ఏడాది తిరిగేసరికి 20 కోట్లకు పైగా. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. జన్యువు పేరు కొడితే చాలు. పరిశోధనశాల అంటే నాలుగు సూక్ష్మదర్శినులు, ఒక సెంట్రిఫ్యూజ్ ఉన్న మా కాలేజీలాంటి చోటికి ఇది ఎంత పెద్ద వరమో మాటల్లో చెప్పలేను. ఐదేళ్ల కిందట నేను బల్ల మీద తీగలు వంచి ఆల్ఫా హెలిక్స్ అనే మెలిక ఆకృతిని చూపించేదాన్ని. ఇప్పుడు ప్రతి విద్యార్థీ తనకు నచ్చిన ప్రొటీన్‌ను తెర మీద తిప్పి చూస్తున్నాడు.

అయితే ఈ డేటాబేస్‌ను నేను మెచ్చుకునేది ఇన్ని కోట్ల ఆకృతులు ఉన్నాయని కాదు. రంగుల కోసం. ప్రతి అమినో ఆమ్లానికీ సున్నా నుంచి వంద వరకు ఒక విశ్వాస మార్కు ఉంటుంది. 90 దాటితే ముదురు నీలం, 70 నుంచి 90 వరకు లేత నీలం, 50 నుంచి 70 వరకు పసుపు, అంతకు తక్కువైతే నారింజ. తనకు ఎక్కడ గట్టిగా తెలుసో, ఎక్కడ తడుముకుంటోందో బొమ్మ మీదే రాసి పెట్టినట్టు ఉంటుంది. క్యాన్సర్ పాఠంలో వచ్చే పీ53 ప్రొటీన్ తెరిచి చూడండి. 393 అమినో ఆమ్లాల గొలుసు. మధ్యలో డీఎన్ఏను పట్టుకునే భాగం నీలంగా, గట్టిగా, పొందికగా ఉంటుంది. మొదలు నారింజ రంగులో సేమ్యాలా వేలాడుతుంది. ఒక రోజు ఇంట్లో పాఠం సిద్ధం చేసుకుంటుంటే మా అమ్మాయి భుజం మీదుగా చూసి “ఆ నారింజ ముక్క దారి తప్పిందా అమ్మా?” అని అడిగింది. థీమ్ పార్కు బుడగలకు అలవాటు పడిన కళ్లు. నేను చాలాసేపు ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను. నిజానికి ఆ మొదటి భాగం శరీరంలో కూడా ఒక స్థిరమైన ఆకారంలో నిలవదు. అటూ ఇటూ ఊగుతూ, ఎదురైన దాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది.

ఆ రంగులు హసాబిస్ ఎంచినవని నేను అనడం లేదు. పెద్ద బృందం చేసిన పని ఇది. కానీ రెండింటిలోనూ వస్తువు తన లోపల జరుగుతున్నదాన్ని వాడేవాళ్లకు దాచకుండా చూపిస్తుంది. ఆటలో అది లేకపోతే పిల్లలు తప్పు వెతకలేరు. ఇక్కడ అది లేకపోతే విద్యార్థి నారింజ సేమ్యాను కూడా నిజమని నమ్మి రికార్డులో గీసుకుంటాడు. మనిషి ప్రొటీన్లన్నింటినీ కలిపి చూసినప్పుడు, అమినో ఆమ్లాల్లో 58 శాతానికే నమ్మదగిన అంచనా దొరికిందని 2021లో తయారీదారులే ప్రచురించారు. అంత నిజాయితీగా లెక్క చెప్పిన పరికరాన్ని నేను క్లాసులో భయం లేకుండా వాడగలుగుతున్నాను.

కొత్తగా వాడేవాళ్లు తప్పక తడబడే చోటు ఒకటుంది. బొమ్మ కింద ఒక ఆకుపచ్చని చతురస్రం ఉంటుంది. గొలుసులోని ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య దూరం, దిశ ఎంతవరకు నమ్మవచ్చో అది చెబుతుంది. రెండు భాగాలూ విడివిడిగా ముదురు నీలమే కావచ్చు. కానీ ఒకదాని పక్కన ఒకటి అలాగే కూర్చుంటాయని దానర్థం కాదు. మా విద్యార్థులు మొదటి నెలంతా ఆ చతురస్రాన్ని చూడకుండానే దాటేశారు. ఇప్పుడు దాన్ని చదవనిదే బొమ్మ గీయనివ్వడం లేదు. పెద్ద ప్రొటీన్లు మామూలు ఫోన్లలో నెమ్మదిగా తిరుగుతాయి. కంప్యూటర్ మీదే చూడటం మేలు.

అసలు లోటు నాకు హిమోగ్లోబిన్ దగ్గరే తగిలింది. బీటా గొలుసు తెరిచాం. అంతా ముదురు నీలం. పెరూట్జ్ ఇరవై ఏళ్ల శ్రమ క్షణంలో తెర మీద తిరుగుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ముందు బెంచీ అమ్మాయి లేచి “మేడమ్, ఇనుము ఎక్కడుంది?” అని అడిగింది. లేదు. హీమ్ కూర్చోవలసిన గూడు ఖాళీగా ఉంది. ఈ డేటాబేస్ అమినో ఆమ్లాల గొలుసును మాత్రమే చూపుతుంది. ప్రాణవాయువును పట్టుకునే ఇనుము, దాన్ని పొదిగిన హీమ్ అందులో ఉండవు. రక్తం ఎందుకు ఎర్రగా ఉంటుందో చెప్పడానికి తెరిచిన బొమ్మలో ఎరుపుకు కారణమే లేదు. ఈ మాట ఆ పుటలోనే పెద్ద అక్షరాల్లో రాస్తే బాగుండేది.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు క్లాసు అయ్యాక నా దగ్గరకు వచ్చాడు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామేట్ బదులు వేలీన్ వస్తే ఈ జబ్బు వస్తుందని చదివాడు. “ఆ ఒక్కటి మారిస్తే ఆకారం ఎలా పాడవుతుందో చూపిస్తారా మేడమ్” అన్నాడు. డేటాబేస్‌లో అలా మార్చి చూసే వీలు లేదు. ఒకవేళ వేరే చోట మార్చి లెక్క కట్టించినా గొలుసు దాదాపు అలాగే కనిపిస్తుంది. ఎందుకంటే జబ్బు గొలుసు మడతలో లేదు. ఆ వేలీన్ వల్ల పైతట్టున ఒక జిడ్డు మచ్చ ఏర్పడి, ప్రాణవాయువు వదిలేసిన హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకుని తాళ్లలా పేనుకుంటాయి. ఆ తాళ్లు ఎర్ర కణాన్ని కొడవలిలా వంచుతాయి. ఒంటరిగా నిలబెట్టిన ఒక గొలుసు ఫొటోలో గుంపు చేసే పని కనిపించదు. నాకు అప్పుడు మా అమ్మాయి వేగం పెంచిన రైడ్ గుర్తొచ్చింది. ఒక్క మీట కదిపితే పార్కంతా ఎలా మారిందో ఆట కదిలించి చూపింది. ఈ డేటాబేస్ కదలదు.

హీమ్ వరకైతే మార్గం దొరికింది. 2024 మేలో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3ను వ్యాపారేతర పనులకు ఉచితంగా వాడుకునే సర్వర్ ఉంది. గూగుల్ ఖాతా కావాలి, రోజుకు ఇన్ని పనులనే పరిమితి ఉంది. రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు, నాలుగు హీమ్‌లు ఇచ్చి పంపాం. కాఫీ తాగి వచ్చేసరికి నాలుగు గూళ్లలో నాలుగు హీమ్‌లు కూర్చుని ఉన్నాయి. ముందు బెంచీ అమ్మాయి తెర దగ్గరకు వెళ్లి వేలుతో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

అధ్యాపకులు ఎవరైనా అడిగితే, డేటాబేస్‌ను ఈ వారమే క్లాసులోకి తెమ్మంటాను. బొమ్మకన్నా ముందు రంగుల పట్టీ, ఆ తర్వాత చతురస్రం, చివర ఆకారం, ఈ వరుసలో చూపించండి. హీమ్, లోహాలు వచ్చే పాఠాలకు సర్వర్ వాడండి. సికిల్ సెల్ తాళ్లకు మాత్రం ప్రయోగాల్లో తేల్చిన ఆకృతులనే ఆశ్రయించాలి. వచ్చే సోమవారం ఆ విద్యార్థీ నేనూ వాటిని ముందేసుకుని కూర్చోబోతున్నాం. బావ కూడా నిన్న ఫోటో పంపాడు. అలమరలో సీడీ దొరికింది, కవరు మీద నా పన్నెండేళ్ల చేతిరాతలో ‘ఉప్పు ఎక్కువ పెట్టాలి’ అని ఉంది.